తప్పు చెప్పేది ఎవరు?

మూరెడు పొడవున్న కర్ర దిమ్మె. దాని మీద వరసగా పది గుంటలు. గుంటకొకటి చొప్పున పది కర్ర సిలిండర్లు, వాటి నెత్తిన పట్టుకోవడానికి చిన్న బుడిపె. ఎత్తు అన్నిటికీ ఒకటే. లావు మాత్రం కొద్దికొద్దిగా తగ్గుతూ పోతుంది. 1907లో రోమ్‌లో పిల్లల బడి తెరిచిన మరియా మాంటిస్సోరి పద్ధతిలో దీనికి పెద్ద పేరుంది. దీన్ని మూడేళ్ళ పిల్ల ముందు పెట్టి చూడండి. ముందు సిలిండర్లన్నీ ఊడబెరికి కింద పరుస్తుంది. తర్వాత ఒక్కోటీ తిరిగి పెట్టడం మొదలుపెడుతుంది. సన్నటిది ఒకటి తీసి వెడల్పాటి గుంటలో వేస్తుంది. లొడలొడలాడుతుంది గానీ లోపలికైతే పడింది కదా, పిల్లకి ఏ ఇబ్బందీ లేదు. అలా ఇంకొకటి, ఇంకొకటి. చివరికొచ్చేసరికి చేతిలో లావుపాటిది ఒకటి, దిమ్మెలో సన్నటి గుంట ఒకటి మిగులుతాయి. నొక్కుతుంది. తిప్పి నొక్కుతుంది. ఇంకాస్త గట్టిగా నొక్కుతుంది. అప్పుడు ఆగి, దిమ్మె వంక చూస్తుంది.

అక్కడ ఎవరూ నోరు తెరిచి “తప్పు” అనలేదు. అయినా ఎక్కడో తేడా కొట్టిందని పిల్లకి తెలిసింది. పొరపాటు ఈ చివరి గుంట దగ్గర కాదు, అంతకుముందెక్కడో జరిగిందన్నది ఇంకాసేపటికి తెలుస్తుంది. వెనక్కి వెళ్ళి, లొడలొడలాడుతున్నవాటిని పట్టుకుని, ఒక్కోటీ బయటికి తీయడం మొదలవుతుంది. అదే పనిని వరసగా పదిసార్లు చేసే పిల్లలున్నారు.

బొమ్మ కొనేటప్పుడు మామూలుగా అడిగేవి మూడు ప్రశ్నలు: ఏ వయసుకి, ఏం నేర్పుతుంది, ఎన్నాళ్ళు మన్నుతుంది. నన్నడిగితే వీటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. పిల్ల పొరపడితే ఆ సంగతి పిల్లకి ఎవరు చెబుతారు? బొమ్మే చెబుతుందా, పక్కనున్న మనిషి చెప్పాలా, లేక బ్యాటరీతో నడిచే గొంతు చెబుతుందా? మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకి ఏం కొనాలో, ఏది కొనక్కర్లేదో చాలావరకు దీంతోనే తేలిపోతుంది.

జిగ్సా పజిల్ ఈ పరీక్షలో సులువుగా పాసవుతుంది. 1760లలో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే మ్యాపులు చెక్కే ఆయన, ఒక మ్యాపుని పలకకి అంటించి దేశాల సరిహద్దుల వెంట కోసి అమ్మాడు. పిల్లలకి భూగోళం నేర్పడం ఆయన ఉద్దేశం. ముక్కకి ముక్క కొక్కెం వేసుకునే పద్ధతి తర్వాత్తర్వాత వచ్చింది గానీ కిటుకు అప్పటికే ఉంది: ఒక దేశం ముక్క ఇంకో దేశం చోట పట్టదు.

పజిల్‌ని పిల్లలు పేర్చే తీరు వయసుతో మారుతుంది. మూడేళ్ళవాళ్ళు ముక్క మీద బొమ్మని దాదాపు పట్టించుకోరు. ముక్క తీసుకోవడం, నొక్కి చూడడం, పట్టకపోతే తిప్పడం, అదీ కుదరకపోతే పక్కన పడేయడం. నాలుగేళ్ళు దాటాక “ఇది ఏనుగు చెవి, తల దగ్గరికి వెళ్ళాలి” అని బొమ్మని ఆధారం చేసుకోవడం మొదలవుతుంది. అంచు ముక్కల్ని ముందే ఏరి పెట్టుకోవడం ఇంకా తర్వాతి మెట్టు. అందుకే మూడేళ్ళలోపు పిల్లలకి ఒక్కో బొమ్మా పూర్తిగా ఒక్కో గుంటలో కూర్చునేవి బాగుంటాయి. మూడేళ్ళకి నాలుగు నుంచి పన్నెండు ముక్కలు, నాలుగేళ్ళకి ఇరవై నాలుగు దాకా, ఐదేళ్ళకి యాభైకి కాస్త అటూ ఇటూ, ఆరేడేళ్ళకి వంద వరకు అనేది ఒక అంచనా. దాన్ని పట్టుకుని వేలాడక్కర్లేదు. పిల్ల ఎక్కడా ఆగకుండా గబగబా పెట్టేస్తుంటే పజిల్ తేలికైపోయినట్టు. సగం ముక్కలు పెద్దవాళ్ళే పెడుతుంటే మాత్రం కొన్నాళ్ళు అటకెక్కించడం మంచిది. ముక్కల సంఖ్య కంటే బొమ్మ ఎలాంటిదన్నది ముఖ్యం. సగం బొమ్మ నీలాకాశమే అయితే ఏ ముక్క ఎక్కడిదో పెద్దవాళ్ళకే దొరకదు.

చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన సూజన్ లెవీన్ బృందం 53 మంది పిల్లల ఇళ్ళకు వెళ్ళి, రెండేళ్ళు దాటినప్పటి నుంచి నాలుగేళ్ళు నిండేలోపు వాళ్ళ మామూలు ఆటపాటల్ని వీడియో తీసింది. వాళ్ళలో దాదాపు సగం మంది పజిల్స్‌తో ఆడుతూ కనిపించారు. 2012లో అచ్చయిన ఫలితాల ప్రకారం, నాలుగున్నరేళ్ళ వయసులో ఆకారాల్ని మనసులో తిప్పి, కలిపి చూడాల్సిన పరీక్షలో వీళ్ళే ముందున్నారు. అలాగని పజిల్ కొనిపెడితే చాలు, ఆ నేర్పు వచ్చేస్తుందనుకోకూడదు. అలాంటి బుర్ర ముందే ఉన్న పిల్లలు పజిల్స్ వైపు మొగ్గి ఉండొచ్చు కదా. ఆ మాట పరిశోధకులే ఒప్పుకుంటారు, పెట్టె మీద ప్రకటన రాసేవాళ్ళే ఒప్పుకోరు.

బిల్డింగ్ బ్లాకుల విషయంలో తప్పు చెప్పే పని గురుత్వాకర్షణది. దాని దగ్గర మొహమాటాలు ఉండవు. జర్మనీలో 1837లో కిండర్‌గార్టెన్‌కి పునాది వేసిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ పిల్లల చేతికి ఇచ్చిన వస్తువుల్లో ఎనిమిది చిన్న ఘనాలు కలిస్తే ఒక పెద్ద ఘనం అయ్యే పెట్టె ఒకటి. 20వ శతాబ్దం మొదట్లో న్యూయార్క్‌లో కెరొలిన్ ప్రాట్ తయారుచేసిన బ్లాకుల మందం, వెడల్పు, పొడవు 1:2:4 నిష్పత్తిలో ఉంటాయి. ఈ నిష్పత్తి వల్ల ఏం జరుగుతుందంటే, గోడ కడుతున్న పిల్లాడికి పొడుగు బ్లాకులు అయిపోతాయి. పొట్టివి రెండు పక్కపక్కన పెడతాడు. సరిగ్గా సరిపోతాయి. రెండు సగాలు కలిస్తే ఒకటి అని ఎవరూ పాఠం చెప్పలేదు. వంతెన కట్టడం ఇంకా తమాషాగా ఉంటుంది. రెండు స్తంభాలు నిలబెట్టి పైన పలక పెడతాడు, అది పొట్టిదై నడుమ నుంచి కింద పడుతుంది. కొందరు అదే పలకని నాలుగుసార్లు పెట్టి చూస్తారు. కొందరు ఇంకా పొడుగుది వెతుక్కుంటారు. స్తంభాల్నే దగ్గరికి జరిపితే పోతుందని తట్టినప్పుడు ఆ మొహం చూడాలి.

ఒకదానిలో ఒకటి దిగే ప్లాస్టిక్ ఇటుకలు మంచివే. ఎనిమిది బుడిపెలున్న ఒకే రంగు లెగో ఇటుకలు ఆరింటిని 91 కోట్ల 51 లక్షల 3 వేల 765 రకాలుగా కలపొచ్చని లెక్క తేల్చారు. కాకపోతే అవి గట్టిగా పట్టేసుకుంటాయి కాబట్టి, కూలిపోవాల్సిన కట్టడం కూడా నిలబడుతుంది. బరువు ఎటు మొగ్గుతోందో చేతికి తెలియాలంటే పట్టులేని కర్ర బ్లాకులు కొన్ని పక్కన ఉండాల్సిందే.

ఇక “ఎడ్యుకేషనల్” అని పెద్ద అక్షరాలతో అమ్మే బ్యాటరీ బొమ్మలు. ‘త్రిభుజం ఎక్కడుంది?’ అని గొంతు అడుగుతుంది, మూడు బటన్లుంటాయి. తప్పు నొక్కితే బుర్రుమంటుంది, ఒప్పు నొక్కితే పాట వస్తుంది. పిల్ల చేసేది వరసగా మూడూ నొక్కడం. పాట వచ్చింది, పని అయిపోయింది. త్రిభుజానికి ఎన్ని భుజాలున్నాయో చూడాల్సిన అవసరమే రాలేదు. తప్పు అని చెప్పారు సరే, ఎందుకు తప్పో ఆ బుర్రుమనే చప్పుడులో లేదు. పైగా పాట కంటే బుర్రుమనడమే నవ్వొస్తోందని పనిగట్టుకుని తప్పు నొక్కే పిల్లలూ ఉంటారు. వాళ్ళని నేను తప్పుపట్టను, ఆ బొమ్మలో కాస్తయినా పరిశోధనలాంటిది చేస్తున్నది వాళ్ళే.

ఇలాంటి బొమ్మలతో ఇంకో చిక్కుంది. 2016లో ఆనా సోసా అనే పరిశోధకురాలు 26 మంది చంటిపిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు ఇళ్ళలో ఆడుకుంటున్నప్పటి మాటల్ని రికార్డు చేసి పోల్చారు. మోగే బొమ్మలు చేతిలో ఉన్నప్పుడు పెద్దవాళ్ళ మాటలు తగ్గాయి. పుస్తకాలు ఉన్నప్పుడు ఎక్కువ మాట్లాడారు. ఆ పిల్లలు ఏడాది అటూ ఇటూ వయసువాళ్ళు కాబట్టి మన లెక్కకి నేరుగా సరిపోదు. కానీ బొమ్మ మాట్లాడుతుంటే మనిషి ఊరుకుంటాడన్నది ఏ ఇంట్లోనైనా చూడొచ్చు.

అంకెల దగ్గరికొస్తే చవకైన ఆట ఒకటుంది. అట్టముక్క మీద అడ్డంగా పది గళ్ళు గీసి, 1 నుంచి 10 వరకు రాస్తే సరి. అమెరికాలో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ 2008లో ప్రచురించిన ప్రయోగం దీని మీదే. 1, 2 మాత్రమే పడే చక్రం తిప్పి, పావుని జరుపుతూ గడిలో ఉన్న అంకెని పైకి చదవాలి. పేద కుటుంబాల నుంచి వచ్చిన నాలుగైదేళ్ళ పిల్లలు విడతకి పావుగంట చొప్పున నాలుగు విడతలు ఆడారు, అంతే. అంకెల్లో ఏది పెద్దదో చెప్పడం, లెక్కపెట్టడం, అంకెల్ని గుర్తుపట్టడం మెరుగయ్యాయి. తొమ్మిది వారాల తర్వాత పరీక్షించినా ఆ మెరుగుదల పోలేదు. అంకెల బదులు రంగుల గళ్ళతో అదే ఆట ఆడినవాళ్ళకి అలా జరగలేదు. గళ్ళని గుండ్రంగా అమర్చి చూస్తే అంత ఫలితం రాలేదని వాళ్ళే తర్వాత తేల్చారు.

ఇందులో కీలకం ఒక చిన్న పద్ధతి. పావు 3 మీద ఉంది, చక్రం 2 చూపించింది. పిల్ల సహజంగా “ఒకటి, రెండు” అంటూ జరుపుతుంది. అలా కాకుండా “నాలుగు, ఐదు” అనాలి. మొదట్లో గుర్తుచేయాల్సి వస్తుంది గానీ, గడిలో రాసిన అంకె కళ్ళ ముందే ఉంటుంది కాబట్టి నోరు “ఒకటి” అంటుంటే వేలు కింద 4 కనిపిస్తుంది. తిన్నగా ఉన్న వరసలో పెద్ద అంకె దగ్గరికి వెళ్ళాలంటే ఎక్కువ దూరం జరగాలి, ఎక్కువ గళ్ళు దాటాలి, ఎక్కువ సేపు పడుతుంది, ఎక్కువ మాటలు పలకాలి. ఏడు మూడు కంటే ఎంత పెద్దదో చేయి, చెవి, కన్ను అన్నీ ఒకేసారి చెబుతాయి. పాములు నిచ్చెనల పటంలో ఈ సౌకర్యం తక్కువ, ఎందుకంటే అక్కడ ఒక వరస ఎడమ నుంచి, తర్వాతిది కుడి నుంచి నడుస్తుంది. మధ్యలో పాము మింగితే లెక్క మొదటికొస్తుంది.

అయితే పిల్లలు గెలుపోటములుండే ఆటలకి ఎప్పుడు సిద్ధమవుతారు? నాలుగైదేళ్ళవాళ్ళు గోలీలాడుతుంటే గమనించిన మనస్తత్వవేత్త జాన్ పియాజే, వాళ్ళు పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్ళు ఆడుకోవడం, అందరూ గెలిచామనుకోవడం చూశాడు. మూడేళ్ళవాళ్ళకి రంగును బట్టి కార్డులు విడదీయమని చెప్పి, మధ్యలో ‘ఇప్పుడు ఆకారాన్ని బట్టి’ అని నియమం మారిస్తే, కొత్త నియమం నోటితో చెబుతూనే చేత్తో రంగుల ప్రకారమే వేస్తారు. ఐదేళ్ళకి చాలామంది మారగలుగుతారు. కాబట్టి నాలుగేళ్ళ పిల్లాడు మధ్యలో రూలు మార్చేస్తే తొండి అని గొడవపెట్టుకోవడం అనవసరం.

మొదట పూర్తిగా అదృష్టం మీద నడిచే ఆటలు మంచివి. పెద్దవాళ్ళు కావాలని ఓడిపోవాల్సిన టెన్షన్ ఉండదు, పాచికకి వయసుతో పనిలేదు. కానీ అలాంటి ఆటలో పిల్ల తీసుకునే నిర్ణయం ఒక్కటీ లేదు, కాబట్టి పొరపడడానికీ చోటు లేదు. ఆరేళ్ళు వచ్చాక ఎంచుకునే అవకాశం ఉన్న ఆటల్లోకి మారాలి: జతల కార్డులు, డామినోలు, మూడు గుర్తులు వరసలో పెట్టే సున్నా–ఇంటూ ఆట. ఆ చివరిదాన్ని పెద్దవాళ్ళు చిన్నచూపు చూస్తారు, ఇద్దరూ సరిగ్గా ఆడితే ఎప్పుడూ డ్రా అవుతుంది కాబట్టి. ఆరేళ్ళ పిల్లకి మాత్రం అది గొప్ప ఆట. తన మూడు గుర్తుల ధ్యాసలోనే ఉండి ఎదుటివాడి రెండిటిని చూడదు, ఓడిపోతుంది, ఎందుకు ఓడిందో గీత గీసినట్టు కాగితం మీదే ఉంటుంది. నాలుగోసారికి ఎదుటివాడికి అడ్డు వేస్తుంది.

వంట సామాను, డాక్టరు కిట్టు, బొమ్మపిల్లల సంగతి వేరు. అక్కడ ఒప్పూ తప్పూ వస్తువులో ఉండదు. కానీ నియమాలు ఉంటాయని మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ ఒక మంచి ఉదాహరణ ఇచ్చాడు. ఐదేళ్ళు, ఏడేళ్ళు వయసున్న సొంత అక్కాచెల్లెళ్ళు ‘అక్కాచెల్లెళ్ళ ఆట’ ఆడారట. మామూలుగా ఉండడానికీ, ఆ ఆటలో ఉండడానికీ తేడా ఏంటంటే, ఆటలో అక్క అక్కలాగే ప్రవర్తించాలి. తప్పితే రెండోది ఊరుకోదు.

ఇప్పటిదాకా చెప్పినదంతా పాడుచేయగలిగేది మనమే. ఎలిజబెత్ బొనావిట్జ్, లారా షుల్జ్, వాళ్ళ సహచరులు 2011లో అచ్చువేసిన ప్రయోగంలో, గొట్టాలతో చేసిన ఒక వింత బొమ్మలో అది చేయగల నాలుగు తమాషా పనుల్ని దాచారు. కొందరు చిన్నపిల్లలకి ‘ఇది ఎలా పనిచేస్తుందో చూడు’ అని ఒకదాన్ని చూపించారు. మరికొందరి ముందు అనుకోకుండా జరిగినట్టు నటించారు. చూపించినప్పుడు పిల్లలు అదొక్కటే చేసి ఆగిపోయారు, మిగతావి వెతకడం తగ్గింది. పిల్ల లావుపాటి సిలిండర్ని సన్నటి గుంటలో నొక్కుతుంటే మన చేయి ఊరుకోదు, “అది కాదమ్మా, ఇది” అని చాపుతాం. నిమిషం ఆగితే చాలు. ఎన్ని బొమ్మలున్నాయన్నదీ లెక్కలోకి వస్తుంది. 2018లో టొలీడో విశ్వవిద్యాలయం వాళ్ళు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ పిల్లల్ని ఒకసారి నాలుగు బొమ్మలతో, ఒకసారి పదహారుతో ఆడనిచ్చారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కోదానితో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. ఇంటినిండా బొమ్మలున్నవాళ్ళు సగం కట్టిపెట్టి, కొన్ని వారాలకొకసారి మార్చుకుంటే సరిపోతుంది.

కొన్ని పొరపాట్లు మాత్రం పిల్ల చేసి తెలుసుకోవాల్సినవి కావు. మూడేళ్ళలోపు వాళ్ళకి పనికిరానంత చిన్న భాగాలేవో తేల్చే అమెరికా పరీక్షలో 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా దిగిపోయేది గొంతులోకీ దిగొచ్చు. పెట్టె మీద ‘3+’ అని ఉండడానికి తెలివితేటల కంటే ఇదే కారణం చాలాసార్లు. మా పిల్ల చురుకు అని రెండేళ్ళకే కొనేయకూడదు. బటన్ సెల్ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేయగలదు, కాబట్టి సెల్ మూతకి స్క్రూ లేని బొమ్మ వద్దు. బలమైన చిన్న అయస్కాంతాలు రెండు కడుపులోకి వెళితే పేగుల గోడల్ని మధ్యలో ఇరికించి చిల్లు పెడతాయి.

వాడిన బొమ్మలు తీసుకోవడంలో నామోషీ ఏమీ లేదు, కర్ర బ్లాకులు రెండు తరాలు వస్తాయి. పాత రంగులో సీసం ఉండొచ్చు గనక రంగు పెచ్చులూడేవి వద్దు. పజిల్ అయితే ఇంటికి తెచ్చేముందే ముక్కలు లెక్కపెట్టాలి. ఇరవై నాలుగులో ఒకటి లేకపోతే పిల్ల మిగతా ఇరవై మూడింటిలో తన తప్పు ఎక్కడుందో వెతుకుతూ కూర్చుంటుంది.