కల్నల్ పికార్ సంగతి

పిల్లలూ,

నిజం కోసం నిలబడినవాళ్లంతా మంచివాళ్లేనా అని మొన్న అడిగారు. అప్పటికప్పుడు జవాబు తోచలేదు. తర్వాత ఫ్రెంచి సైనికాధికారి జార్జ్ పికార్ గుర్తుకొచ్చాడు.

1894లో ఆల్ఫ్రెడ్ డ్రేఫస్ అనే యూదు కెప్టెన్ జర్మనీకి రహస్యాలు చేరవేశాడని పారిస్‌లోని సైనిక న్యాయస్థానం యావజ్జీవ శిక్ష వేసింది. ఆధారమల్లా ఒక కాగితం మీది చేతిరాత. దానికి తోడు, డ్రేఫస్ వకీలుకు కూడా చూపించకుండా న్యాయమూర్తులకు చాటుగా అందించిన ఒక ఫైలు. అతన్ని దక్షిణ అమెరికా తీరానికి దగ్గర్లో ఉన్న డెవిల్స్ ఐలాండ్‌కు పంపేశారు. పికార్ ఆ విచారణను కళ్లారా చూసినవాడే. డ్రేఫస్ దోషి అనే నమ్మాడు. పైగా యూదులంటే అతనికి గిట్టదు. ఈ మాట దాచిపెట్టి అతన్ని పొగిడేవాళ్లున్నారు, నాకది నచ్చదు.

1895లో పికార్ సైనిక గూఢచార విభాగానికి అధిపతి అయ్యాడు. మరుసటి ఏడాది, జర్మన్ రాయబార కార్యాలయం చెత్తబుట్టలోంచి వచ్చిన చింపిన ముక్కలను అతికిస్తే, ఎస్తర్‌హాజీ అనే మరో ఫ్రెంచి అధికారి పేరిట రాసిన జాబు తేలింది. పికార్ ఆ అధికారి దస్తూరి తెప్పించి పోల్చి చూశాడు. డ్రేఫస్‌ను ముంచిన కాగితం మీద ఉన్నదీ అదే రాత! అప్పుడు ఆ రహస్య ఫైలు తెరిచాడు. అందులో పస ఏమీ లేదు.

జనరల్ గోన్స్‌కు చెప్పుకున్నాడు. నువ్వు నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు కదా అన్నాడట ఆ పెద్దమనిషి. ఈ రహస్యాన్ని సమాధి దాకా మోయలేనని పికార్ జవాబిచ్చాడు. తన కింద పనిచేసే అన్రీ మాత్రం డ్రేఫస్‌కు వ్యతిరేకంగా ఏకంగా ఒక దొంగ ఉత్తరమే పుట్టించాడు. పికార్‌ను ట్యునీసియాకు తోసేశారు, 1898లో ఉద్యోగం ఊడబెరికారు, దాదాపు ఏడాది జైల్లో ఉంచారు.

1906 జులైలో అత్యున్నత న్యాయస్థానం డ్రేఫస్‌ను నిర్దోషిగా తేల్చింది. ఇద్దరూ సైన్యంలోకి తిరిగి వచ్చారు. పికార్ బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు, అక్టోబరులో క్లెమన్సో ప్రభుత్వంలో యుద్ధమంత్రి కూడా అయ్యాడు.

మీకు చెప్పాలనుకున్నది ఇక్కడుంది. డ్రేఫస్‌కు మేజర్ హోదా ఇచ్చారు గానీ, దీవిలో మగ్గిన ఏళ్లను సర్వీసులో లెక్కగట్టలేదు. పికార్ పోగొట్టుకున్న ఏళ్లు మాత్రం లెక్కలోకి వచ్చాయి. డ్రేఫస్ స్వయంగా వెళ్లి మంత్రిగారిని అడిగాడు. మంత్రిగారు కుదరదన్నారు. తన కొలువును పణంగా పెట్టి కాపాడిన మనిషికి, చేతిలో అధికారం ఉన్న రోజున ఒక్క మెట్టు ఇవ్వలేకపోయాడు! ఎన్నిసార్లు తలచుకున్నా నాకు కోపమే వస్తుంది. అయినా ఆ దొంగ ఫైలు తెరిచిన చేయి కూడా అదే కదా అనుకుంటే, కోపం పూర్తిగా నిలవదు.

డ్రేఫస్ 1907లో పదవీ విరమణ చేశాడు. పికార్ 1914 జనవరిలో గుర్రం మీంచి పడి, ఆ దెబ్బలతో చనిపోయాడు. అదే ఏడాది ఆగస్టులో యుద్ధం మొదలైంది. యాభై నాలుగేళ్ల డ్రేఫస్ మళ్లీ యూనిఫాం తొడుక్కుని విధుల్లో చేరాడు.

మీ తాతయ్య