మూత ఎందుకు బిగిసింది?

శ్రీకాకుళం,
శ్రావణ మాసం.

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో మా వెనుక వసారాలో మీరు చేసిన పెన్సిలు పెట్టెల్లో ఒకటి మొన్న నా దగ్గరకు తిరిగి వచ్చింది. ఏప్రిల్‌లో నూనె రాసినట్టు జారిన మూత ఇప్పుడు గాడిలో బిగుసుకుపోయి ఎంత లాగినా రావడం లేదు. దానితోపాటు ఒక చీటీ కూడా ఉంది: "తాతయ్యా, చెట్టును కొట్టేశాక కూడా చెక్క పెరుగుతుందా?" ఈ ప్రశ్న మీలో అందరికన్నా చిన్నది అడిగింది. పెద్దవాళ్లు ఏం చేశారో పెట్టె మూల మీద సుత్తి దెబ్బలే చెబుతున్నాయి.

చెక్క పెరగదమ్మా, ఉబ్బుతుంది. కళ్లంలో కట్టిన వరిగడ్డి మోపును తలచుకోండి. చెక్క కూడా అటువంటి మోపే. చెట్టు నిలిచి ఉన్నప్పుడు వేరు నుంచి కొమ్మకు నీరు మోసిన సన్నని గొట్టాలు అందులో పక్కపక్కనే అతుక్కుని ఉంటాయి. వానాకాలపు గాలిలోని చెమ్మను ఆ గొట్టాల గోడలు పీల్చుకుని లావెక్కుతాయి, కాని పొడవు మాత్రం దాదాపు పెరగదు. మోపు నడుము లావైతే కట్టిన తాడు బిగుస్తుంది కదా, మీ మూతకు ఆ తాడు అటూ ఇటూ ఉన్న గాడి. గడ్డిపోచల నోళ్లు మోపు చివర్లలో తెరుచుకుని ఉన్నట్టే, రంపంతో కోసిన చెక్క చివర్లు అన్నిటికన్నా వేగంగా చెమ్మను తాగుతాయి.

ఇది నేను చిన్నప్పుడే చూశాను. బొబ్బిలి వైపు మా ఊళ్లో ఎండలు ముదిరేసరికి బండి చక్రం ఆకులూ (నడుమ నుంచి అంచుకు వెళ్లే చెక్క కడ్డీలు), పూటీలూ (అంచు చుట్టూ ఉండే వంపు చెక్కలు) ఎండి కుంచించుకుపోయి, ఇనుప పట్టా వదులై, బండి కదిలితే చాలు కటకటమని చప్పుడు వచ్చేది. అప్పుడు మా నాన్న చక్రాలను విప్పి, దొర్లించుకుంటూ తీసుకెళ్లి చెరువులో నానవేసేవారు. నానుతున్న చక్రం మీద కూర్చుని నీళ్లలో కాళ్లాడించడం నా ఉద్యోగం. ఒక సాయంత్రం పట్టాకూ పూటీకీ మధ్య సందులో చీపురుపుల్ల ఒకటి దూర్చి ఇంటికి వెళ్లాను. మర్నాడు లాగితే అది విరిగిందే గాని బయటకు రాలేదు. ఆ విరిగిన ముక్క కనబడి, చక్రంతో ఆటలేమిటని నాన్న నాకు రెండు తగిలించారు.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేస్తారు. అతుకే లేని చోట, ఋతువు మారినప్పుడు విడిపోవడానికి ఏముంటుంది అని నాకు అనిపిస్తుంది.

ఇక మీ పెట్టె సంగతి. సుత్తిని దాచేయండి. చెక్కతో పని చేసేవాడికి ఉలికన్నా ముందు ఓపిక ఉండాలి. నాలుగు ఎండలు కాశాక మూత దానంతట అదే వదులవుతుంది. అప్పుడు గాడిలో జారే రెండు అంచులనూ గరుకు కాగితంతో రుద్ది, రెండు పక్కలా కలిపి నాలుగు పోస్టుకార్డుల మందం సందు వచ్చేలా చూడండి. పొడవు జోలికి వెళ్లవద్దు. మీరు పెట్టెకు బయట నీలం ఎనామెల్ రెండు పూతలు వేసి లోపల చెక్కను వట్టిగా వదిలేశారు. రంగు చెమ్మను ఆలస్యం చేస్తుందే గాని ఆపలేదు; ఒక వైపే వేస్తే రెండో వైపు ఎక్కువ తాగి పలక వంగుతుంది. లోపల కూడా వేయండి, కోసిన చివర్లకు ఒక పూత అదనంగా వేయండి. గాడిలో మాత్రం వద్దు, ఎందుకంటే రంగుకూ మందం ఉంటుంది. అక్కడ కొవ్వొత్తి రుద్దితే చాలు.

చెక్క చివర మీద వంపు గీతలు కనిపిస్తాయి చూడండి. ఆ గీతల వెంబడి వచ్చే ఉబ్బు, గీతలకు అడ్డంగా వచ్చే ఉబ్బుకు దాదాపు రెట్టింపు ఉంటుంది. ఇక్కడ నా గడ్డిమోపు చేతులెత్తేస్తుంది! అందుచేత నా మాటలు కట్టిపెట్టి, మీరు స్కేలు తీయండి. మూత వెడల్పు, పొడవు ఈ రోజే కొలిచి మూత అడుగున పెన్సిలుతో రాయండి. సంక్రాంతికి ఒకసారి, శివరాత్రికి ఒకసారి మళ్లీ కొలిచి, ఏ అంకె మారిందో నాకు ఉత్తరం రాయండి.

మీ తాతయ్య