గాలి బ్యాటరీ బొగ్గులో ఏ సైజు రంధ్రాలు మంచివి?

ప్రియమైన పిల్లలూ,

గాలితో నడిచే బ్యాటరీ ఉంటుందా అని అడిగారు కదా. ఉంది, కానీ ఇంకా ల్యాబ్ దాటి బయటికి రాలేదు. పేరు లిథియం-ఎయిర్ బ్యాటరీ. మళ్లీ చార్జ్ చేయగల అలాంటి సెల్‌ను 1996లో అమెరికాలో కె.ఎం. అబ్రహాం, జియాంగ్ చూపించారు.

దీనిమీద ఇంత ఆశ ఎందుకంటే, ఆక్సిజన్‌ను సెల్ లోపల మోయక్కర్లేదు. కాగితం మీద లెక్కేస్తే కిలోకు 3,500 వాట్-అవర్లు (కరెంటు శక్తికి కొలత) వస్తాయి. ఇప్పటి మంచి లిథియం-అయాన్ సెల్‌లో 250 చుట్టుపక్కల ఉంటుంది. అయితే ఆ పెద్ద అంకె రసాయనాల బరువుకే, పెట్టెనీ, సెల్ లోపల ఉండే ద్రవాన్నీ కలపలేదు. పేపర్లో చదివి మరీ పొంగిపోకండి!

ఒకవైపు లిథియం లోహం, మరోవైపు క్యాథోడ్‌గా, అంటే ఆక్సిజన్ వచ్చి కలిసే కొనగా, రంధ్రాలున్న కార్బన్. అంటే ఒక రకం బొగ్గే. సెల్ వాడుతున్నప్పుడు లిథియం అయాన్లు (ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న లిథియం కణాలు) ద్రవంలోంచి, ఆక్సిజన్ బయటి నుంచి, ఎలక్ట్రాన్లు కార్బన్ గోడల నుంచి వస్తాయి. మూడూ ఆ గోడ మీద కలిసి లిథియం పెరాక్సైడ్ అవుతాయి. అది ఘనపదార్థం, ద్రవంలో దాదాపు కరగదు. కరెంటునూ సరిగా పోనివ్వదు. పుట్టినచోటే పేరుకుపోతుంది.

అందుకే రంధ్రం సైజు ముఖ్యం. రంధ్రాలు ఎంత సన్నగా, ఎంత ఎక్కువగా ఉంటే అంత మంచిదని ఎవరికైనా అనిపిస్తుంది, గోడల వైశాల్యం పెరుగుతుంది కాబట్టి. యాక్టివేటెడ్ కార్బన్, అంటే సన్నని రంధ్రాలు పడేలా చేసిన బొగ్గు, ఒక్క గ్రాములో వెయ్యి చదరపు మీటర్లకు పైనే ఉంటుంది. కానీ దాని రంధ్రాలు చాలావరకు 2 నానోమీటర్లకన్నా చిన్నవి (నానోమీటర్ అంటే మీటరులో వంద కోట్లవ వంతు). కొంచెం పెరాక్సైడ్ చేరగానే వాటి మూతి పూడుకుపోతుంది. పెళ్లి భోజనాల హాల్లో గుమ్మం దగ్గరే జనం ఆగిపోతే లోపల విస్తళ్లు ఖాళీగా ఉన్నట్టే. 2 నుంచి 50 నానోమీటర్ల రంధ్రాలైతే సరుకు పట్టడానికి చోటుంటుంది. ఇంకా పెద్దవి కొన్ని ఉంటే ఆక్సిజన్ లోతుకు వెళ్లడానికి దారి దొరుకుతుంది. మరీ పెద్దవే అయితే గోడలు తగ్గిపోతాయి, సెల్ ఉబ్బిన డబ్బాలా చోటు తినేస్తుంది. నన్నడిగితే రెండు మూడు సైజులు కలిపిన కార్బనే మేలు.

చార్జ్ చేసేటప్పుడు ఇంకో చిక్కు. వోల్టేజి 3.5 దాటితే కార్బనే ఆక్సీకరణం చెంది లిథియం కార్బొనేట్‌గా మారడం మొదలవుతుంది. దాన్ని వదిలించడం ఇంకా కష్టం. అందుకే 2012లో స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో పీటర్ బ్రూస్ బృందం కార్బన్‌కు బదులు రంధ్రాల బంగారం పెట్టి చూసింది. సెల్‌ను 100 సార్లు వాడి మళ్లీ చార్జ్ చేసినా సామర్థ్యం పెద్దగా తగ్గలేదు. కానీ బంగారం బరువు, దాని ధర సంగతి మీ అమ్మమ్మకు చెబితే ఏమంటుందో మీకు తెలుసు.

మీ తాతయ్య