బీచ్ రోడ్డు పాత బంగళాల గొడవ: అసలు మలుపు 1991లో ఉంది

విశాఖ బీచ్ రోడ్డులో పాత బంగళాలు ఉంచాలా, తీసేయాలా అన్న గొడవ మళ్ళీ రాజుకుంది. మన ఊళ్ళో ఈ వార్త ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. ఎక్కడో ఒక ప్రహరీ చుట్టూ పచ్చ రేకులు వెలుస్తాయి. మూడో రోజుకి టీ కొట్టు దగ్గర "పడగొట్టీసారట" అన్న మాట వినపడుతుంది. అప్పటికి పైకప్పు ఉండదు. ఆ తర్వాత మనందరం ఫొటోలు పెట్టుకుని బాధపడతాం.

కంపెనీ వాళ్ళ కొఠీ, భీమిలి డచ్చివాళ్ళు, వాల్తేరు కంటోన్మెంటు, 1933లో తెరిచిన పోర్టు, ఇవన్నీ స్కూలు పుస్తకాల్లో చదువుకున్నవే. వాటి జోలికి పోను. ఇన్నేళ్ళు నిలిచిన ఇళ్ళు ఇప్పుడే ఎందుకు పోతున్నాయన్న ప్రశ్నకు జవాబు అంత వెనక్కి వెళ్తే దొరకదు. అది 1991లో ఉంది. కచ్చితంగా చెప్పాలంటే ఆ ఏడాది ఫిబ్రవరి 19న ఢిల్లీ నుంచి వచ్చిన ఒక నోటిఫికేషన్‌లో ఉంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ ఇళ్ళు ఎలాంటివో ముందు రెండు మాటలు చెప్పాలి.

ఇవి కోటలు కావు, వేసవి ఇళ్ళు. జమీందార్లు ఎండాకాలం గాలి కోసం, జిల్లా కచేరీలో పని కోసం, దొరలతో మాటామంతీ కోసం కట్టుకున్నవి. బీచ్ రోడ్డులోని హవా మహల్‌నే తీసుకోండి. ఇప్పటి ఒడిశాలో ఉన్న జయపురం రాజు రామచంద్ర దేవ్ 1917-23 మధ్య కట్టించిన గాలి మేడ అది. ఎక్కడో కొండల మీది రాజుకి ఈ ఊరి సముద్రంతో ఏం పని అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. అప్పట్లో జయపురం మన విశాఖ జిల్లాలోనే ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యాక రాజుగారి సంస్థానం ఆ రాష్ట్రంలోకి పోయింది, సముద్రం ఒడ్డు మేడ ఈ రాష్ట్రంలో ఉండిపోయింది. ఆ తరువాతి రాజు విక్రమ దేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత. యూనివర్సిటీ సైన్స్ కాలేజీకి ఆయన పేరు అందుకే ఉంది. ఈ ఇళ్ళను "రాజుల ఆడంబరం" అని కొట్టిపారేసే వాళ్ళు ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. విశాఖ చదువుల ఊరయిన కథ కొంత ఈ వరండాల్లో నడిచింది.

1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. న్యాయమైన చట్టమే, రైతుకి మేలు చేసిన చట్టమే. అయితే శిస్తు డబ్బుతో ఏటా వెల్ల వేయించుకుని, పదిమంది పనివాళ్ళను పెట్టుకుని నడిచిన ఇళ్ళకు ఆదాయం ఆగిపోయింది. కొన్ని ఆఫీసులయ్యాయి, కొన్ని అద్దెకి వెళ్ళాయి, కొన్ని వాటాలు పంచుకుని గోడలు లేపుకున్నాయి. అప్పుడు కూడా పెద్దగా కూలలేదు. ఎందుకంటే అప్పటికి సముద్రం ఒడ్డు స్థలానికి ఇంత ధర లేదు.

ఇప్పుడు 1991కి వద్దాం.

పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం ఆ ఏడాది తెచ్చిందే సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్. రుషికొండ గొడవతో ఈ మూడు అక్షరాలు ఇంటింటికీ తెలిశాయి. పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా తీరం అంతా ఈ నిబంధన కిందికి వచ్చింది. దాన్ని తరగతులుగా విడగొట్టారు. మొదటి తరగతిలో మడ అడవులు, పగడపు దిబ్బలు, అభయారణ్యాలు, వాటితో పాటు చరిత్ర ఉన్న, వారసత్వ ప్రాంతాలు. అవును, హెరిటేజ్ అన్న మాట ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది. మొదటి తరగతి అంటే కొత్తగా కట్టడానికి దాదాపు వీల్లేదని. 2011లో తిరగరాసినప్పుడూ, 2019లో మళ్ళీ రాసినప్పుడూ వారసత్వ స్థలాలు మొదటి తరగతిలోనే ఉన్నాయి.

మరి మన బంగళాలకు అది ఎందుకు వర్తించలేదు? చట్టంలో మాట ఉంటే సరిపోదు. ఫలానా సర్వే నంబరులో ఫలానా ఇల్లు అని ఎవరో ఒకరు పటం మీద గుర్తుపెట్టాలి. బీచ్ రోడ్డు అప్పటికే రోడ్లు, నీళ్ళు, మురుగు కాలవలు ఉన్న పట్టణ ప్రాంతం. అలాంటివి రెండో తరగతి. అక్కడ రూలు వేరు: ఉన్న రోడ్డుకి సముద్రం వైపు కట్టకూడదు, భూమి వైపు కట్టుకోవచ్చు. అంటే మనం తెల్లారి నడకకి వెళ్ళే ఆ రోడ్డే సరిహద్దు గీత అయింది. గీతకి అటు ఇసుక, ఇటు బంగారం. పాత బంగళాలు చాలా మటుకు ఇటువైపు ఉన్నాయి. సముద్రం ఎప్పటికీ కనిపిస్తుంది, ఎదురుగా ఎవరూ కట్టలేరు. ఇంతకంటే మంచి స్థలం ఏ బిల్డరుకైనా ఏం కావాలి? తీరాన్ని కాపాడదామని రాసిన రూలే ఈ ఇళ్ళ నేల ధరను ఆకాశానికి ఎత్తిందని నా నమ్మకం.

అయినా ఇరవై ఎనిమిదేళ్ళు అవి ఎలా నిలిచాయి? అదే నోటిఫికేషన్‌లోని ఇంకో వాక్యం వల్ల. రెండో తరగతిలో ఎంత కట్టాలన్నది అప్పటికి ఉన్న ఎఫ్‌ఎస్‌ఐ ప్రకారమే అన్నారు. స్థలం విస్తీర్ణానికి ఎన్ని వంతుల కట్టడం వేయొచ్చో చెప్పే లెక్క అది. ఊళ్ళో మిగతా చోట్ల ఆ లెక్క పెరుగుతూ పోయినా తీరంలో 1991 దగ్గరే ఆగిపోయింది. కూలగొట్టి కడితే దక్కేది కొంచెమే అయినప్పుడు చాలామంది ఆగారు. పాత ఇళ్ళను కాపాడాలని ఎవరూ రాయని వాక్యం వాటిని కాపాడుతూ వచ్చింది.

2019 జనవరిలో వచ్చిన కొత్త నోటిఫికేషన్ ఆ తాళం తీసేసింది. నోటిఫికేషన్ తేదీ నాటికి ఊళ్ళో ఎంత ఎఫ్‌ఎస్‌ఐ ఉందో తీరంలో రెండో తరగతికీ అంతే అంది. తీర ప్రాంత ప్రణాళికలు దానికి తగ్గట్టు మార్చుకున్నాకే అమలు అనుకోండి, కానీ భూమి మార్కెట్ పటం కోసం ఆగదు. ఇప్పుడు నడుస్తున్న గొడవకి వేరు ఇదే. గాలికి, ఉప్పుకి, హుద్‌హుద్‌కి పోని ఇళ్ళు ఒక లెక్క మారగానే ప్రమాదంలో పడ్డాయి.

1991లోనే ఇదే రోడ్డులో ఇంకొకటి జరిగింది. దాన్ని ఎవరూ దీనితో కలిపి చూడరు. అక్టోబరు 8న విశాఖ మ్యూజియం తెరిచారు. నూట యాభై ఏళ్ళనాటిదని చెప్పే డచ్ బంగళాలో పెట్టారు. (ఆ లెక్కన అది డచ్చివాళ్ళు వెళ్ళిపోయాకే లేచి ఉండాలి. 1824 ఒప్పందంతో వాళ్ళ కొఠీలన్నీ ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చాయి. మన ఊళ్ళో లావు గోడ, గుండ్రని స్తంభం కనిపిస్తే డచ్ అనేయడం అలవాటు.) 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద వేసిన బాంబుల్లో పేలకుండా మిగిలిన ఒకటి అక్కడ చూడొచ్చు. సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్ళని విశాఖవాసి ఉండడు. ఆ ఇల్లు ఎందుకు నిలిచింది? గొప్ప కట్టడమని కాదు. దానికి ఒక పని దొరికింది. జీతం తీసుకునే మనిషి రోజూ తలుపు తీస్తాడు, వాన కారితే ఎవరో ఒకరు ఫైలు పెడతారు. పక్క ఇళ్ళకి ఆ పని దొరకలేదు, అంతే తేడా.

యజమానుల మాట కూడా వినాలి. వారసులు పదిమంది, ఇరవైమంది, సగం మంది వేరే దేశాల్లో. పన్ను కట్టాలి, కాపలా పెట్టాలి, కోర్టులో వాటాల కేసు నడపాలి. మీ జ్ఞాపకాల కోసం మేం ఎందుకు నష్టపోవాలన్నది వాళ్ళ ప్రశ్న. తప్పు ప్రశ్న కాదు. ఇల్లు శిథిలమైంది, ఉంటే ప్రమాదం అన్నది వాళ్ళ రెండో మాట, ఇంజనీరు సర్టిఫికెట్టుతో సహా. ఈ రెండో మాట దగ్గరే నాకు పేచీ ఉంది.

కిందటి నెల అలాంటి ఒక బంగళాలోకి వెళ్ళాను. ఎవరిదో, ఎక్కడిదో రాయను. సముద్రం వైపు వరండా, మనిషి ఎత్తుకి రెండున్నర రెట్లు పైకప్పు, పైన వెంటిలేటర్ల వరస. మధ్యాహ్నం రెండింటికి ఫ్యాను లేకుండా నిలబడ్డాను, చెమట పట్టలేదు. పైకప్పు మద్రాసు టెర్రస్: టేకు దూలాలు, వాటి మీద సన్నటి ఇటుకలు ఏటవాలుగా నిలబెట్టి సున్నంతో పేర్చినవి, ఆ పైన ఇటుక ముక్కలు కలిపిన సున్నం దిమ్మిసా. అందులో ఇనుప చువ్వ ఒక్కటి లేదు. ఉప్పుగాలికి తుప్పుపట్టడానికి ఏమీ లేదు. బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్లలో బాల్కనీల అడుగున ఎర్రగా తేలి, పెళ్ళలు రాలే చువ్వలు చూసినవాళ్ళకి ఈ తేడా వెంటనే అర్థమవుతుంది.

గోడ మీద చెయ్యి వేస్తే ఒక చోట గట్టిగా, చల్లగా ఉంది. అది పాత గానుగ సున్నం. ఇటుక పొడి కలిపి, ఎద్దులతో గానుగ తిప్పించి, కరక్కాయ, బెల్లం నీళ్ళు పోసి రుబ్బిన సున్నం. అడుగు దూరంలో ఎవరో ఇరవై ఏళ్ళ కిందట సిమెంటు పూశారు. వేలితో తడితే డొల్లగా మోగింది. అంచు పట్టుకుంటే పళ్ళెమంత పెచ్చు చేతిలోకి ఊడి వచ్చింది. వెనకాల ఇటుక పిండిలా రాలుతోంది. జరిగేది ఇదీ: పునాదిలోంచి, సముద్రపు గాలిలోంచి ఉప్పు నెమ్ము గోడలోకి ఎక్కుతుంది. సున్నం పూత దాన్ని బయటికి వదులుతుంది. ఉప్పు పైన తెల్లగా తేలుతుంది, పూత కొంత రాలుతుంది, సంక్రాంతికి మళ్ళీ వెల్ల వేస్తాం. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకని లోపలినుంచి పగలగొడుతుంది. కొన్నేళ్ళకి గోడ నిజంగానే శిథిలమవుతుంది. అప్పుడు సర్టిఫికెట్టు వస్తుంది. ముసలితనం అని రాసేస్తున్నాం, చాలాచోట్ల అది తప్పుడు వైద్యం.

సముద్రం ఎలాగూ తినేస్తుంది కదా అని ఇంకో వాదన. కోత నిజమే. కానీ కోతకి గురవుతున్నది రోడ్డుకి అటువైపు ఇసుక. ఏడాదిలో ఎక్కువ కాలం ఇక్కడ ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతుంది. 1970ల్లో ఔటర్ హార్బర్ గోడలు కట్టాక ఆ ప్రవాహం అక్కడే ఆగుతోంది, అందుకే పోర్టు వాళ్ళు డ్రెడ్జింగ్ చేసిన ఇసుకను బీచ్‌కి పోయిస్తుంటారు. ఇక 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టు పైకప్పే లేచిపోయింది. కొత్తవి నిలుస్తాయి, పాతవి పోతాయి అన్న లెక్క ఆ రోజు ఈ ఊళ్ళో ఎవరూ చెప్పలేకపోయేవారు.

పుదుచ్చేరి సంగతి గుర్తుచేయాలి. అక్కడా సముద్రం ఒడ్డునే వరసగా తెల్ల భవనాలు. మెరీ అనే పాత టౌన్ హాల్ పట్టించుకోక పాడుపడి, 2014 నవంబరు 29న వానకి కూలిపోయింది. అక్కడితో వదిలేయలేదు, అదే రూపంలో, అదే చోట మళ్ళీ కట్టుకున్నారు. మన వన్‌టౌన్‌లో కూడా పాత టౌన్ హాల్‌కి మరమ్మతులు చేశారు. కాబట్టి ఇక్కడ చేతకాదు అనడానికి లేదు. ప్రభుత్వ ఆస్తి అయితే చేస్తున్నాం. చిక్కంతా ప్రైవేటు ఇళ్ళ దగ్గర.

దానికీ దారి కాగితం మీద ఉంది. హెరిటేజ్ కట్టడాన్ని కాపాడే యజమానికి టీడీఆర్ (కట్టుకునే హక్కును వేరేచోటికి బదిలీ చేసే పత్రం) ఇచ్చే వీలు 2012 నాటి రాష్ట్ర భవన నిబంధనల్లోనే పెట్టారు. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్ళకి ఇచ్చే బాండ్లలాంటివే. ఇక్కడ కట్టుకోలేని దాన్ని ఇంకోచోట కట్టుకోవచ్చు, లేదా అమ్ముకోవచ్చు. వారసులు అడిగే నష్టపరిహారం అదే కదా. కానీ ముందు ఆ ఇల్లు హెరిటేజ్ అని ప్రకటించి ఉండాలి. మళ్ళీ అదే చోటికి వచ్చాం: సీఆర్‌జెడ్ మొదటి తరగతికైనా, టీడీఆర్‌కైనా, ఇంటి పేరు, సర్వే నంబరుతో సహా బలమున్న జాబితా కావాలి. పచ్చ రేకులు వేశాక తయారుచేసే జాబితా పనికిరాదు. అప్పుడు ప్రతి యజమానీ తన ఇంటి మీదే కక్ష కట్టారనుకుంటాడు, కోర్టుకి వెళ్తాడు, స్టే లోపల వాన పని కానిచ్చేస్తుంది.

నేను వెళ్ళిన ఆ బంగళా నుంచి బయటికి వస్తూ ప్రహరీ చూశాను. గేటు స్తంభం మీద సున్నపు లతలు ఇంకా చెక్కుచెదరలేదు, ఆకు ఈనెలు కూడా కనిపిస్తున్నాయి. దాని పక్కనే ఎర్ర పెయింటుతో తాజాగా కొలతలు రాసి ఉన్నాయి. ఇల్లు ఎంత పొడుగు, ఎంత వెడల్పో కాదు. రోడ్డు నుంచి వెనక హద్దు దాకా ఎన్ని గజాలో.