ఫ్రిజ్‌లో చలికాలం

జపనీస్ మాపిల్ అనే చలిప్రాంతపు చెట్టు గింజలు తెప్పించి, బెంగళూరు మిద్దె మీద మార్చిలో నాటి, ఒక్కటీ మొలవకపోతే పుచ్చు గింజలు అంటగట్టారంటారు. తప్పు గింజది కాదు. బడిలో తడి దూదిలో శనగలు మొలిపించి ‘నీరు, గాలి, వెచ్చదనం చాలు’ అని చెప్పే పాఠం శనగల్లాంటి గింజలకే సరిపోతుంది.

మంచు కురిసే చోట ఆకురాలు కాలంలో పడ్డ గింజ వెంటనే మొలిస్తే, లేత మొక్క నెల తిరక్కుండా గడ్డకట్టి చస్తుంది. అందుకే చలికాలం గడిచేదాకా గింజ గడియ తీయదు. ఆ గడియ అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్. చలిలో నానుతున్నకొద్దీ దాని పట్టు సడలుతుంది, మొలకను తోసే జిబ్బరెల్లిన్ అనే మరో హార్మోన్‌ది పైచేయి అవుతుంది. ఈ లెక్క నడిచేది తడిసిన గింజలోనే. పొడి పొట్లాన్ని ఏడాది ఫ్రిజ్‌లో ఉంచినా గింజ దృష్టిలో చలికాలం రానట్టే. కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి ఉన్న ఆపిల్‌ను కోస్తే ఒక్కోసారి గింజకు తెల్లటి వేరు కనబడుతుంది: తడి పండుది, చలి గోదాముది. పౌర్ణమి చూసి నాటేవాళ్లూ ఉన్నారు గానీ, గింజ లెక్కలో చంద్రుడు లేడు.

అక్టోబరు నడుమ గింజల్ని ఒకరోజు నానబెట్టండి. తడిపిన కోకోపీట్‌ను (కొబ్బరి పొట్టు) గుప్పిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలే రాలాలి. అందులో కలిపి జిప్ కవర్‌లో వేసి ఫ్రిజ్ కింది అరలో, 4–5 డిగ్రీల దగ్గర ఉంచండి. ఫ్రీజర్ వద్దు, నానిన గింజ మంచుకు చితికిపోతుంది. ఆపిల్‌కు 60–90 రోజులు, మాపిల్‌కు 90–120. వారానికోసారి తెరిచి బూజు పట్టినవి ఏరేయాలి. వేరు తొంగిచూస్తే వెంటనే కుండీలోకి మార్చాలి. అక్టోబరే ఎందుకంటే, బయటికి తీసేసరికి డిసెంబరు నడుమ నుంచి ఫిబ్రవరి నడుమ లోపు అవుతుంది. ఏప్రిల్ ఎండలోకి తీస్తే వేడికి గింజ మళ్లీ నిద్రలోకి జారుకోవచ్చు, అప్పుడు లెక్క మొదటికే. మొలిచాకా ఈ పేచీ తీరదు: కొమ్మల మొగ్గలు కూడా ఏటా చలినే లెక్కపెడతాయి. చెట్టును ఫ్రిజ్‌లో పెట్టలేం కదా.

దక్షిణాఫ్రికా, నమీబియాల్లో గులకరాళ్లలా కనబడే లిథాప్స్ మొక్కలకు ఈ తతంగం లేదు. పొడిలాంటి గింజల్ని ఇసుక మిశ్రమం పైన చల్లి, మట్టి కప్పకుండా, కుండీని నీళ్ల పళ్లెంలో పెట్టి అడుగునుంచి తడపాలి. పైన ప్లాస్టిక్ మూత. మొలిచాక మూతను రోజుకింత తెరుస్తూ పోకపోతే నారుకుళ్లు ఖాయం. గోల్కొండ నయాఖిల్లాలోని ఏనుగంత మాను ఏ జాతిదో ఆ బావోబాబ్ చెట్టు గింజది మరో చిక్కు, నీరు చొరని పెంకు. లోపలి లేతరంగు కనబడేదాకా గరుకు కాగితంతో ఒకపక్క గీకి, గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా ఉంచితే ఉబ్బుతుంది. ఉబ్బనివాటిని మళ్లీ గీకాలి.