జిమ్మీ స్పియర్స్: కప్పు గెలిపించిన కెప్టెన్, యుద్ధంలో సార్జెంట్ - అపోహలు, వాస్తవాలు

క్రీడా చరిత్ర రాయడమే నా పని. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఆటగాళ్ల మాట వస్తే, 1886లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు జిమ్మీ స్పియర్స్ పేరు రాకుండా ఉండదు. ఆయన గురించి చలామణిలో ఉన్న కొన్ని మాటలు మాత్రం ఆయన తనంతట తాను తీసుకున్న నిర్ణయాన్ని ఆయనకు దక్కకుండా చేస్తున్నాయి. అది నాకు బాధ కలిగిస్తుంది.

అపోహ: చట్టం బలవంతం చేస్తేనే సైన్యంలోకి వెళ్లాడు.

వాస్తవం: ఆయన చేరింది 1915 మే నెలలో. బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చింది 1916 జనవరిలో. అది కూడా మొదట పెళ్లయినవారి జోలికి రాలేదు. వారిని అదే ఏడాది మేలో చేర్చారు. స్పియర్స్‌కు అప్పటికే భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఇంటి దగ్గరే ఉండిపోయినా తప్పుపట్టడానికి ఏ చట్టమూ లేదు. అయినా వెళ్లాడు. ఆయన జీవితంలో అన్నిటికంటే ముందు చెప్పుకోవలసిన సంగతి ఇదే.

అపోహ: ఫుట్‌బాల్ ఆటగాళ్లు యుద్ధానికి ముఖం చాటేశారు.

వాస్తవం: 1914లో యుద్ధం మొదలయ్యాక కూడా లీగ్ మ్యాచ్‌లు సాగాయి కాబట్టి ఈ నింద పుట్టింది. కానీ ఎడిన్‌బరోలోని హార్ట్స్ క్లబ్బును చూడండి. స్కాటిష్ లీగ్‌లో అగ్రస్థానంలో ఉండగానే, 1914 నవంబరులో ఆ క్లబ్బు ఆటగాళ్లు 11 మంది ఒకేసారి సైన్యంలో చేరారు. యుద్ధం ముగిసేసరికి హార్ట్స్ మొదటి జట్టులో ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. ఈ లెక్క తెలిసినవారెవరూ ఆ నింద మళ్లీ వేయలేరు.

అపోహ: ఆటగాళ్లంతా 'ఫుట్‌బాలర్స్ బెటాలియన్'లోనే పనిచేశారు.

వాస్తవం: కాదు. అది మిడిల్‌సెక్స్ రెజిమెంట్‌లో ఒక బెటాలియన్ మాత్రమే. స్పియర్స్ అప్పటికి ఇంగ్లండ్‌లోని లీడ్స్ సిటీ క్లబ్బుకు ఆడుతున్నా, చేరింది స్కాట్లాండ్ రెజిమెంట్ అయిన కామెరాన్ హైలాండర్స్‌లో.

అపోహ: పేరున్నవాడు కాబట్టి సులువైన కొలువు, పతకం దక్కాయి.

వాస్తవం: పేరు చిన్నదేమీ కాదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బుల పెద్ద పోటీ అయిన ఎఫ్.ఏ. కప్‌లో 1911 ఫైనల్ మొదట గోల్ లేకుండా ముగిసింది. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మళ్లీ ఆడినప్పుడు న్యూకాసిల్‌పై ఏకైక గోల్ తలతో కొట్టింది బ్రాడ్‌ఫర్డ్ సిటీ కెప్టెన్ స్పియర్సే. ఆయన అందుకున్న కప్పు ఆ ఏడాదే కొత్తగా చేయించినది, అదీ బ్రాడ్‌ఫర్డ్‌కే చెందిన సంస్థ చేసినది! ఆ క్లబ్బు ఎఫ్.ఏ. కప్ గెలిచింది ఆ ఒక్కసారే.

ఇంత పేరున్నా సైన్యంలో ఆయన అధికారి కాలేదు. మామూలు సైనికుడిగా చేరి సార్జెంట్ అయ్యాడు. ఆయనకు వచ్చిన మిలిటరీ మెడల్ 1916లో సాధారణ సైనికుల కోసమే నెలకొల్పినది. ఆ వెండి పతకానికి ఒకవైపు రాజు బొమ్మ, రెండోవైపు 'రణరంగంలో శౌర్యానికి' అనే అర్థమిచ్చే అక్షరాలు ఉంటాయి. దానిని ఫుట్‌బాల్ కీర్తికి ఇచ్చేవారు కాదు. 1917 ఆగస్టు 20న, బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జరిగిన పోరులో మరణించేనాటికి ఆయన వయసు 31. సమాధి డోకీ ఫార్మ్ శ్మశానవాటికలో ఉంది.

అపోహ: స్కాట్లాండ్ జట్టుకు ఎన్నో మ్యాచ్‌లు ఆడాడు.

వాస్తవం: ఆడింది ఒక్కటే, 1908లో వేల్స్ మీద. స్కాట్లాండ్ 2-1తో గెలిచింది. మళ్లీ పిలుపు రాలేదు. ఎంపిక చేసినవారు ఆయనకు అన్యాయం చేశారనే నేననుకుంటాను.