పాలలా మారిన ఈతకొలను

ఎండాకాలం సెలవుల్లో అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్ నీళ్లు ఉన్నట్టుండి పలచటి మజ్జిగలా తెల్లబడతాయి. "ఇంకో డబ్బా బ్లీచింగ్ వేయించండి" అంటారు అందరూ. చాలాసార్లు ఆ బ్లీచింగే తెలుపును ముదరబెడుతుంది.

ముందు అందరినీ నీళ్లలోంచి బయటికి పిలవాలి. మునిగిపోయేవారు తరచూ అరవరు. అడుగు కనిపించని నీళ్లలో మనిషి చేతికందే దూరంలో మునిగినా గట్టు మీదివాళ్లకు తెలియదు.

మన దగ్గర చాలా పూల్స్‌ని నింపేది బోరు నీళ్లతోనో ట్యాంకరు నీళ్లతోనో. వాటిలో క్యాల్షియం ఎక్కువ. గీజర్ లోపల గట్టిగా పట్టే తెల్లటి పొర దానివల్లే. కరిగి ఉన్నంతసేపు అది కంటికి కనిపించదు. నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే కొలత అయిన పీహెచ్ పెరిగితే, నీళ్లలోని కార్బొనేట్‌తో కలిసి సన్నటి సున్నపు పొడిగా విడిపోతుంది. చక్కెర వేడినీళ్లలో బాగా కరుగుతుంది, ఈ సున్నం మాత్రం తక్కువ కరుగుతుంది. అందుకే ఎండ కూడా తోడవుతుంది. ఇక బ్లీచింగ్ పౌడర్ క్యాల్షియాన్నీ చేరుస్తుంది, పీహెచ్‌నూ పెంచుతుంది.

ఒక గ్లాసులో పూల్ నీళ్లు తీసుకుని కాస్త వెనిగర్ పోయండి. తేటపడితే అది సున్నమే. పడకపోతే నాచో, మట్టో, ఒంటి మురికో అనుకోవాలి. అప్పుడు కావలసింది క్లోరినే, కానీ దానికీ పీహెచ్ కుదరాలి. పీహెచ్ 7.2 దగ్గర క్లోరిన్‌లో సుమారు మూడింట రెండు వంతులు క్రిములను చురుగ్గా చంపే రూపంలో ఉంటుంది. 8కి చేరితే అది పావు వంతే. పీహెచ్ తగ్గించడానికి యాసిడ్ వాడతారు. దాన్ని బ్లీచింగ్‌తో ఎన్నడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది.

ఒక మందు ఇంకోదాన్ని చంపేయడమూ ఉంది. 2016 రియో ఒలింపిక్స్‌లో డైవింగ్ కొలను ఆకుపచ్చగా మారింది. 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయడంతో క్లోరిన్ పనిచేయకుండా పోయిందని నిర్వాహకులు చెప్పారు. పక్కనే రంగు మారిన మరో కొలనులో సుమారు 37 లక్షల లీటర్లు తోడేసి కొత్త నీళ్లు నింపారు. నీళ్లలో ఒకరినొకరు చూసుకుంటూ చేసే జల విన్యాసాల పోటీలు అక్కడే జరగాలి మరి.

కారణం సరిదిద్దాక కూడా కలక మిగలవచ్చు. ఇసుక ఫిల్టర్ 20, 30 మైక్రాన్లకన్నా (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చిన్న రేణువులను అంతగా ఆపలేదు. ఆ రేణువులకు రుణావేశం ఉండడంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని రద్దుచేస్తే, దూదిపింజల్లా ముద్దకట్టి అడుగుకు దిగుతాయి. వరద గోదావరి ఎర్రనీళ్లను బిందెలో పటికతో, చిల్లగింజతో తేర్చుకున్న ఇళ్లకు ఇది తెలిసిన పనే.

రాత్రి పటిక నీళ్లు పోసి, కొలను నీళ్లను ఫిల్టర్ గుండా పోనీయకుండా మోటారుతో కాసేపు తిప్పి, ఆపేయాలి. పొద్దున అడుగు మడ్డిని వాక్యూమ్‌తో లాగి నేరుగా బయటికి వదలాలి. ఫిల్టర్ గుండా పంపితే ముద్దలు చితికి మళ్లీ కొలనులోకే వస్తాయి. పటిక పీహెచ్‌ను దించుతుంది కాబట్టి మరోసారి కొలవాలి. గట్టు మీద నిలబడి, లోతైన చోట డ్రెయిన్ జాలీ చువ్వలు లెక్కపెట్టగలిగితే పిల్లలను దించవచ్చు.